పరిగె, వడ్డీ, కూలి: గోదావరి డెల్టాలో క్రైస్తవ విలువలూ పెట్టుబడీ

కోత మిషను తిరిగిన వరిచేలో ఏరుకోవడానికి పరిగె మిగలదు. కొడవళ్లతో కోసి, పనలు కట్టి, కుప్ప వేసే రోజుల్లో కోత ముగిసిన చేలలోకి కూలి కుటుంబాల ఆడవాళ్లూ పిల్లలూ దిగి రాలిన వెన్నులు ఏరుకునేవారు. రైతు చూసీ చూడనట్టు ఊరుకునేవాడు. తెలుగు బైబిలు అనువాదకులు లేవీయకాండంలోని ఒక ఆజ్ఞకు సరిగ్గా ఈ మాటనే వాడారు. పంట కోసేటప్పుడు పొలం ఓరలను పూర్తిగా కోయవద్దని, పరిగెను యజమాని ఏరుకోవద్దని, వాటిని బీదలకూ పరదేశులకూ విడిచిపెట్టాలని 19వ అధ్యాయం చెబుతుంది. బైబిలు కథలోని పేద విధవరాలు రూతు, బోయజు అనే ఆసామి పొలంలో ఏరుకున్నది ఆ పరిగెనే. మాట ఒకటే అయినా రెండు పరిగెలూ ఒకటి కావు. డెల్టాలో పరిగె రైతు మంచితనం మీద ఆధారపడిన ఆచారం. అందుకే మిషను రాగానే ఎవరూ ఎవరినీ అడగకుండానే అది పోయింది. లేవీయకాండంలోని పరిగె యజమాని హక్కుకే గీసిన హద్దు: పొలం అతనిదే గాని, ఆ పొలం అంచున పండినది అతనిది కాదు.

క్రైస్తవ విలువలకూ పెట్టుబడిదారీ విధానానికీ ఉన్న సంబంధాన్ని వివరించేటప్పుడు ఈ తేడా తరచూ మరుగున పడుతుంది. చర్చ సాధారణంగా రెండు వాదాల మధ్య తిరుగుతుంది. కష్టపడి పనిచేయడం, పొదుపు, మాట తప్పకపోవడం వంటి గుణాలను నేర్పి పెట్టుబడికి పునాది వేసినదే క్రైస్తవం, అందులోనూ ప్రొటెస్టెంట్ శాఖ, అన్నది ఒక వాదం. అపొస్తలుల కార్యములు 4వ అధ్యాయంలో తొలి విశ్వాసులు ఆస్తులు అమ్మి అందరికీ సమష్టిగా ఉంచుకున్నారు గనుక క్రైస్తవం సహజంగానే పెట్టుబడికి ఎదురు నిలుస్తుందన్నది రెండవది. గోదావరి డెల్టా ఈ రెండు వాదాలనూ పరీక్షించడానికి అరుదైన చోటు. ఇక్కడ సువార్తా, కాలువల నీటితో వచ్చిన వాణిజ్య వ్యవసాయమూ దాదాపు ఒకే తరంలో అడుగుపెట్టాయి. కానీ అవి రెండూ చేరింది ఒకే ఇళ్లకు కాదు.

మొదటి వాదానికి శాస్త్రీయ రూపం ఇచ్చినవాడు జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మాక్స్ వెబర్. 1904, 1905 సంవత్సరాల్లో వెలువడిన వ్యాసాల్లో ఆయన చెప్పింది ఇది: తాను రక్షణ పొందినవాడినేనా అన్న ఆందోళనతో, ప్రొటెస్టెంట్ సంస్కర్త జాన్ కాల్విన్ మార్గాన్ని అనుసరించేవాడు తన వృత్తిని దైవ పిలుపుగా భావించి క్రమశిక్షణతో పనిచేశాడు, సంపాదించినదాన్ని భోగాలకు ఖర్చు చేయడం పాపమని నమ్మాడు, ఖర్చు కాని ధనం మళ్లీ వ్యాపారంలోకే వెళ్లి పెట్టుబడిగా పేరుకున్నది. ధర్మం పని నేర్పుతుంది, పని ధనం తెస్తుంది, ధనం ధర్మాన్ని తినేస్తుంది అన్న వలయాన్ని మెథడిస్టు ఉద్యమ స్థాపకుడు జాన్ వెస్లీ 18వ శతాబ్దంలోనే గమనించి కలవరపడ్డాడు. చేతనైనంత సంపాదించండి, చేతనైనంత పొదుపు చేయండి, చేతనైనంత ఇవ్వండి అని ఆయన బోధించాడు. ఈ మూడింటిలో మొదటి రెండింటికి ఉన్నంతమంది శిష్యులు మూడవదానికి దొరకలేదని చరిత్ర చెబుతోంది.

ఈ సిద్ధాంతాన్ని డెల్టాకు తెస్తే ఏమవుతుంది? 1836లో ఇంగ్లండులోని డెవన్ ప్రాంతం నుంచి విలియం బౌడెన్, జార్జ్ బీర్ అనే ఇద్దరు, బ్రదరెన్ అనే ప్రొటెస్టెంట్ శాఖకు చెందిన మిషనరీలు, కుటుంబాలతో బయలుదేరి నరసాపురం, పాలకొల్లు ప్రాంతంలో స్థిరపడ్డారు. గోదావరి డెల్టా మిషన్‌కు అదే ఆరంభం. బౌడెన్ రాతిపనివాడు, బీర్ చెప్పులు కుట్టేవాడు. కులవృత్తులను బట్టి మనిషిని అంచనా వేసే సమాజంలోకి అలాంటి వృత్తుల నుంచి వచ్చిన తెల్లవాళ్లు గురువులుగా దిగడం చిన్న విషయం కాదు. వారిని తీసుకువచ్చిన ఆంథనీ నోరిస్ గ్రోవ్స్ ఎక్సెటర్‌లో మంచి రాబడి ఉన్న దంతవైద్యుడు. భూమి మీద ధనం కూర్చుకోవద్దన్న క్రీస్తు మాటను అక్షరాలా పాటించాలని వాదిస్తూ ఆయన 1825లో ఒక చిన్న పుస్తకం అచ్చు వేసి, తన ఆస్తి వదులుకుని బయలుదేరాడు. వెబర్ చెప్పిన పొదుపరి ప్రొటెస్టెంటుకు గ్రోవ్స్ పూర్తి వ్యతిరేకం. ఆ తర్వాత చిత్తూరులో మిషన్‌ను స్వయంపోషకం చేయాలని ఆయన సేద్యమూ పట్టుపురుగుల పెంపకమూ మొదలుపెట్టి, నష్టపోయి, అప్పుల్లో చిక్కుకోవడం కథలో మరో మలుపు. ధనాన్ని త్యజించడంలో చూపిన నేర్పు ధనాన్ని నడపడంలో ఆయనకు అబ్బలేదు.

అదే కాలంలో, 1847 నుంచి 1852 వరకు, ధవళేశ్వరంలో ఆనకట్ట లేచింది. దాన్ని కట్టిన ఆర్థర్ కాటన్ గాఢమైన క్రైస్తవ విశ్వాసి. ఆనకట్ట పనివాళ్ల మధ్య బౌడెన్ బోధించాడు, కాటన్ ఆ మిషనరీలకు అండగా ఉన్నాడు. అయితే ప్రభుత్వాన్ని ఒప్పించడానికి కాటన్ బైబిలు వాక్యాల మీద ఆధారపడలేదు; నీటిపారుదల మీద పెట్టిన ప్రతి రూపాయీ శిస్తు రూపంలోనూ వర్తకం రూపంలోనూ తిరిగి వస్తుందని లెక్కలు చూపాడు. కరువులో మనుషులు చనిపోవడం ఆయనను కదిలించింది, రాబడి లెక్క ఈస్టిండియా కంపెనీ అధికారులను కదిలించింది. కరుణకూ లాభానికీ పొత్తు కుదిరిన ఈ ఘట్టాన్ని, పెట్టుబడి మంచిపని కూడా చేయగలదని వాదించేవారు ఉదహరించుకోవచ్చు. అందులో అబద్ధం లేదు. డెల్టా ఊళ్లలో గుర్రమెక్కిన కాటన్ విగ్రహాలకు పూలదండలు వేసేవారిలో అన్ని మతాలవారూ ఉన్నారు.

కానీ కాలువ నీరు భూమి ఉన్నవాడి చేలోకి పారింది. మిషన్ బోధ విని పెద్ద సంఖ్యలో బాప్తిస్మం పొందినవారు మాల, మాదిగ పేటలవారు. వారిలో ఎక్కువమంది పాలేర్లు, రోజుకూలీలు. చదువుకున్న పై కులాల నుంచి చేరినవారు కొద్దిమందే. ప్రొటెస్టెంట్ నీతి ఎవరికి అందిందో వారికి భూమి లేదు. భూమి ఉన్నవారికి ఆ నీతితో పని పడలేదు. కాలువలు, వరి ఎగుమతులు, పెరిగిన భూమి ధర కలిసి డెల్టాలో నిజమైన పెట్టుబడిదారులను తయారుచేశాయి. వారు ప్రధానంగా హిందూ రైతు కులాలవారు. వ్యవసాయంలో మిగిలిన డబ్బు రైసుమిల్లుల్లోకి, చక్కెర మిల్లుల్లోకి, సినిమా హాళ్లలోకి, అక్కడి నుంచి హైదరాబాదుకూ విదేశాలకూ సాగింది. 1947లో తణుకులో మొదలైన ఆంధ్రా షుగర్స్ ఈ ప్రయాణంలో తెలిసిన మైలురాయి. పొదుపు, వృత్తినిష్ఠ, పిల్లల చదువు కోసం కడుపు కట్టుకోవడం ఈ కుటుంబాల్లో పుష్కలంగా ఉన్నాయి; వాటికి కాల్విన్ అవసరం రాలేదు. వెబర్ సిద్ధాంతాన్ని దీనితో పూర్తిగా కొట్టివేయలేం, ఆయన ప్రశ్న ఐరోపాలో పెట్టుబడి ఎలా పుట్టిందన్నది. కానీ విలువలే సంపదను పుట్టిస్తాయని చర్చి వేదికల మీద వినిపించే మాటను డెల్టా చరిత్ర బలపరచదు.

క్రైస్తవ సంఘంలోనివారికి భూమి బదులు దక్కిన పెట్టుబడి చదువు. లూథరన్లు రాజమండ్రిలో, కెనడియన్ బాప్టిస్టులు కాకినాడలో, బ్రదరెన్ వారు నరసాపురంలో బడులూ ఆస్పత్రులూ నడిపారు. కాకినాడలో బాప్టిస్టు సేవకు తొలి పునాది వేసినది ఒక తెలుగువాడు, థామస్ గాబ్రియేల్. ఆర్థిక ఇబ్బందుల్లో ఆయన సాయం కోరగా 1874లో జాన్ మెక్‌లారిన్ వచ్చి ఆ పనిని చేపట్టాడు. ఆయన పేరుతోనే నేటికీ అక్కడ ఒక హైస్కూలు ఉంది. పేటలోని పిల్ల నర్సు కావడం, టీచరు కావడం, కూలి ఇంటి నుంచి నెల జీతం ఇల్లు పుట్టడం ఈ దారిలోనే జరిగింది. దీనికి మరోవైపు ఒక మూల్యం కూడా ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులుగా మారినవారు షెడ్యూల్డ్ కులాల జాబితా నుంచి బయటపడతారు. ఆంధ్రప్రదేశ్‌లో వారికి బీసీ-సీ వర్గం కింద 1 శాతం రిజర్వేషన్ మాత్రమే ఉంది. రికార్డుల్లో ఒక మతం, ఆదివారం మరో మతం అన్న పరిస్థితికి మూలం ఇక్కడుంది.

క్రైస్తవ ఆలోచనకూ డబ్బుకూ అసలు తగువు వడ్డీ దగ్గర. నిర్గమకాండం, లేవీయకాండం, ద్వితీయోపదేశకాండం మూడూ సహోదరుని దగ్గర వడ్డీ తీసుకోవద్దంటాయి. 325లో నికేయా సభ మతాధికారులు వడ్డీ వ్యాపారం చేయడాన్ని నిషేధించింది. 1179లో మూడవ లాటరన్ సభ పేరుపడ్డ వడ్డీ వ్యాపారులకు ప్రభు భోజన సంస్కారాన్నీ క్రైస్తవ సమాధినీ నిరాకరించింది. మధ్యయుగపు వాదం సూటిగా ఉండేది: డబ్బు ఈనదు, కాలం దేవునిది, కాలాన్ని అమ్ముకునే హక్కు ఎవరికీ లేదు. 16వ శతాబ్దంలో కాల్విన్ ఈ గోడకు ఒక తలుపు పెట్టాడు. బీదవాడి ఆకలి తీర్చే అప్పు వేరు, వ్యాపారి లాభం కోసం తీసుకునే అప్పు వేరు అని విడదీసి, మొదటిదానిపై వడ్డీ కూడదని, రెండవదానిపై మితమైన వడ్డీ తప్పుకాదని అన్నాడు. జెనీవాలో ఆ మితం 5 శాతంగా ఉండేది. ఆ తలుపులోంచి ఆధునిక బ్యాంకు లోపలికి వచ్చింది. కాల్విన్ పెట్టిన షరతులు మాత్రం గడప బయటే ఆగిపోయాయి.

యజమాని దాసులకు డబ్బు అప్పగించి వెళ్లే తలాంతుల ఉపమానం తెలుగు అనువాదంలో, ఇచ్చిన డబ్బును ఊరికే దాచిపెట్టిన దాసుడి కథ వస్తుంది. యజమాని తన డబ్బు సాహుకారుల దగ్గర ఉంచి ఉండాల్సిందని ఆ దాసుడిని కోప్పడతాడు. సాహుకారు అనే మాట వినగానే డెల్టా శ్రోతకు బ్యాంకు కౌంటరు గుర్తుకు రాదు. ప్రోనోటు, తాకట్టు బంగారం, నూటికి రెండు రూపాయల వడ్డీ గుర్తుకొస్తాయి. నెలకు నూటికి రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. ఊళ్లో దీన్ని ధర్మవడ్డీ అనేవారు కూడా ఉన్నారు, నూటికి మూడు, ఐదు రూపాయల ముందు అది ధర్మంగానే కనిపిస్తుంది కాబట్టి. ఉపమానం వడ్డీని సమర్థిస్తోందని వాదించే బోధకులు, విత్తనిచోట కోసుకునే కఠినుడిగా ఆ దాసుడు తన యజమానిని వర్ణించడాన్ని ఎందుకో తొందరగా దాటేస్తారు.

ఈ వడ్డీ సమస్యకు క్రైస్తవ మూలాల నుంచి పుట్టిన అత్యంత ఆచరణీయమైన జవాబు డెల్టాలో ప్రతి పెద్ద ఊళ్లోనూ ఉంది, దాని మూలం మాత్రం ఎవరికీ గుర్తులేదు. జర్మనీలో ఒక గ్రామీణ ప్రాంతానికి మేయరుగా పనిచేసిన ఫ్రీడ్రిష్ విల్హెల్మ్ రైఫైసెన్ కరువులోనూ అప్పుల్లోనూ చితికిన రైతులను చూసి మొదట ధనికుల విరాళాలతో సాయం చేశాడు. విరాళం నిలకడగా ఉండదని అనుభవంలో తెలుసుకుని, 1864లో హెడ్డెస్‌డార్ఫ్‌లో రైతులే పరస్పరం పూచీపడే పరపతి సంఘం పెట్టాడు. పొరుగువాని ప్రేమించుమన్న ఆజ్ఞ ఆయనకు ప్రేరణ. కానీ సంఘం నడిచింది ప్రేమ మీద కాదు, ఒకరి అప్పుకు అందరూ అపరిమితంగా బాధ్యులన్న నియమం మీద. మద్రాసు ప్రభుత్వం ఫ్రెడరిక్ నికల్సన్‌ను ఈ పద్ధతి పరిశీలించడానికి పంపగా, 1895, 1897లలో వచ్చిన ఆయన నివేదిక సారాంశం రైఫైసెన్ లాంటివాడిని వెతికి పట్టుకోండి అన్న ఒక్క సలహాలో ఇమిడింది. 1904లో సహకార పరపతి సంఘాల చట్టం వచ్చింది. ఎరువుల బస్తా కోసమూ, పంట రుణం కోసమూ గోదావరి జిల్లాల రైతు వెళ్లే సొసైటీ ఆ వంశంలోనిదే.

అయితే సొసైటీ తలుపు తెరుచుకునేది పట్టాదారు పాసుపుస్తకానికి. నిర్ణీత పరిమితి వరకు పంట రుణంపై వడ్డీ 7 శాతం. గడువులోగా తీరిస్తే కేంద్ర రాయితీతో 4 శాతానికి దిగుతుంది. భూమి కాగితం తన పేరున లేని కౌలు రైతుకు ఈ రుణం సులువుగా దొరకదు. కౌలు రైతుల కోసం 2011లోనూ 2019లోనూ చట్టాలు వచ్చినా, యజమాని సహకరించనిచోట వాటి వల్ల ఒనగూరేది తక్కువ. డెల్టాలో సాగులో పెద్ద భాగం కౌలుదార్లదే. మక్తా, అంటే కౌలుగా చెల్లించే ధాన్యం, ఎకరానికి ఇన్ని బస్తాలని ముందే కుదురుతుంది, తుపానులో చేను పడిపోయినా చాలాచోట్ల ఆ మాట మారదు. ఫలితంగా చేలో దిగని యజమాని 4 శాతానికి అప్పు తెచ్చుకోగలడు, దుక్కి దున్నేవాడు 24 శాతానికి తెచ్చుకుంటాడు. కాల్విన్ గీసిన గీత ఇక్కడ తలకిందులైంది: మితమైన వడ్డీ స్తోమత ఉన్నవాడికి, మితం లేనిది అవసరం ఉన్నవాడికి.

విలువ సంస్థగా మారితే ఏమవుతుందో సొసైటీ చూపిస్తే, విలువ ఏ నియమమూ లేకుండా బజారులోకి వెళితే ఏమవుతుందో నరసాపురం లేసు చూపిస్తుంది. 19వ శతాబ్దంలో మిషనరీ కుటుంబాల స్త్రీలు బీద క్రైస్తవ స్త్రీలకు దారంతో లేసు అల్లడం నేర్పారు. ఉద్దేశం స్పష్టమే: ఇంటి పట్టున ఉండి గౌరవంగా నాలుగు డబ్బులు సంపాదించుకోవడం. అల్లిన లేసును విదేశాల్లోని తెలిసినవారికి అమ్మిపెట్టడంతో మొదలైన ఆ పని తరువాత ఎగుమతి వ్యాపారమైంది. చేను పనికి వెళ్లడం పరువుతక్కువగా భావించే కాపు కుటుంబాల స్త్రీలకూ అది ఘోషా దాటకుండా చేసుకునే పనిగా పాకింది. దారం ఇచ్చి, అల్లినది తీసుకుని, తూకానికో ముక్కకో లెక్కగట్టే మధ్యవర్తులు పుట్టారు; ఎగుమతిదారులు మగవాళ్లు, అల్లేవారు ఆడవాళ్లు. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1982లో ప్రచురించిన అధ్యయనంలో చూపించిన కీలకాంశం ఏమిటంటే, ఆ స్త్రీలను కార్మికులుగా కాక తీరిక వేళలో అల్లుకునే గృహిణులుగా లెక్కించడమే వారి కూలి అంత తక్కువగా ఉండడానికి ఆధారం. ఇంటి స్త్రీ మర్యాద అన్న మిషన్ కాలపు ఆదర్శం ఈ లెక్కకు చక్కగా సరిపోయింది. ఎవరూ చెడు తలపెట్టలేదు. ముక్కకు ఇంత అన్న రేటు ఎవరు నిర్ణయించాలన్నది మొదట్లోనే ఎవరూ అడగలేదు, అంతే. 2024లో ఈ లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపు ఊరి పేరును కాపాడుతుంది, ముక్క రేటును కాదు.

కూలి గురించి బైబిలు మాటలు మెత్తగా ఉండవు. చేలు కోసిన పనివారికి ఇవ్వక మోసంగా బిగపట్టిన కూలి మొఱ్ఱపెట్టుచున్నదని యాకోబు పత్రిక 5వ అధ్యాయం ధనికులను హెచ్చరిస్తుంది. సాయంకాలం వచ్చినవాడికీ పొద్దున్నే వచ్చినవాడికీ ఒకే దేనారము, అంటే ఒక రోజు కూలి నాణెం, ఇచ్చిన ద్రాక్షతోట యజమాని కథ, ఎంత పనికి అంత కూలి అన్న లెక్కనే పక్కనపెట్టి, ఆ పూట ఇల్లు గడవడానికి ఎంత కావాలన్న ప్రశ్నను ముందుకు తెస్తుంది. 1891లో పదమూడవ లియో పోపు కార్మికుల స్థితిపై వెలువరించిన లేఖ ఈ ఆలోచనకే కుటుంబాన్ని పోషించగల వేతనం అన్న ఆధునిక రూపం ఇచ్చింది. సొంత ఆస్తిని సమర్థిస్తూనే, ఇద్దరూ ఒప్పుకున్నంత మాత్రాన ఆకలి కూలి న్యాయం కాదని తేల్చింది. కానీ డెల్టాలో కూలి ఇచ్చే రైతు కూడా ఎప్పుడూ గెలిచే పక్షంలో లేడు. 2011 సార్వా (ఖరీఫ్) కాలంలో కోనసీమ రైతులు వేలాది ఎకరాలు బీడు పెట్టి పంట విరామం ప్రకటించారు, ధాన్యం ధర ఖర్చులకు చాలడం లేదని. అక్వినాస్ మొదలైన మధ్యయుగ పండితులు చర్చించిన న్యాయమైన ధర అన్న భావన పాతబడిందని ఆర్థికవేత్తలు నవ్వవచ్చు; మద్దతు ధర కోసం కళ్లంలో ధాన్యం పోసుకుని ఎదురుచూసే రైతు అడుగుతున్నది దాన్నే.

ఇక భూమి. లేవీయకాండం 25వ అధ్యాయం 50 ఏళ్లకోసారి అమ్ముడుపోయిన పొలం తిరిగి మొదటి కుటుంబానికి చేరాలంటుంది. భూమి దేవునిది, మనుషులు దాని మీద కాపురమున్న పరదేశులు అన్నది అక్కడి తర్కం. ఇది సమసమాజ కార్యక్రమమేమీ కాదు, మధ్యలో కొనడం అమ్మడం యథాతథంగా సాగుతాయి. కానీ ఒక తరం నష్టపోయిన కారణానికి తరువాతి తరాలన్నీ కూలికి పోకూడదన్న పట్టుదల అందులో ఉంది. 1973 నాటి భూసంస్కరణల చట్టం సరిగ్గా అలాంటి పని చేయగలిగి ఉండేది. కుటుంబాల మధ్య కాగితాల పంపకాలతో దాని పదును చాలావరకు ముందే పోయింది. చర్చిలో ఈ అధ్యాయం మీద ప్రసంగం అరుదు, విన్నా ఎక్కువగా ఆత్మీయ విడుదల గురించే ఉంటుంది.

ఇటీవలి దశాబ్దాల్లో పెరిగిన ఆశీర్వాద బోధ ఈ మొత్తం చర్చను మరో దారి పట్టించింది. విత్తితే కోస్తావు, దశమ భాగం ఇస్తే పదింతలు తిరిగి వస్తుంది, అప్పు తీరుతుంది, వీసా వస్తుంది అన్న మాటలు సభల్లో మారుమోగుతుంటాయి. మీరు దేవునికిని సిరికిని దాసులుగా నుండనేరరు అన్న మత్తయి 6వ అధ్యాయపు మాటను ఇది తిరస్కరించదు, సిరిని దేవుని కానుకగా మార్చి మెల్లగా పక్కకు జరుపుతుంది. ఈ బోధను ఎగతాళి చేయడం సులువే గాని, నూటికి మూడు రూపాయల వడ్డీలో మునిగి సొసైటీ గడప ఎక్కలేని ఇంటికి వేరే ఎవరు ఆశ చూపారన్నది కూడా అడగాలి. పెట్టుబడి చేతిలో పెట్టని వ్యవస్థలో పెట్టుబడి భాష మాత్రం ప్రార్థనలోకి వచ్చి చేరింది.

దీనికి పూర్తిగా విరుద్ధమైన లెక్క ఒకటి చర్చిలో కోత పండుగ నాడు కనిపిస్తుంది. సంఘస్థులు ప్రథమ ఫలాలుగా తెచ్చిన ధాన్యం, అరటి గెలలు, కోడిపుంజులు, కొబ్బరికాయలు ఆరాధన అయ్యాక వేలం వేస్తారు. రూపం అచ్చంగా బజారుదే: పాట, పోటీ, ఎక్కువ పాడినవాడికి సరుకు. కానీ పాడేవాడు తక్కువకు కొట్టేయాలని చూడడు. ఒక కాయను నూట యాభైకి పాడినవాడు అదే కాయను తిరిగి కానుకగా ఇచ్చేస్తాడు, అది మళ్లీ పాటకు వస్తుంది. కువైట్ నుంచి సెలవుకు వచ్చినవాడు ఒక పాట పాడితే, దాన్ని మించి చెల్లెలి మొగుడు మరొకటి పాడతాడు. వచ్చిన డబ్బు గుడి పైకప్పుకో, పాస్టరుగారి జీతానికో, ఆస్పత్రిలో ఉన్న సంఘస్థుడికో వెళుతుంది. కాయ దింపినవాడికి, ఒలిచినవాడికి ఆ పాటలో వాటా ఉండదు. మర్నాడు అంబాజీపేట కొబ్బరి మార్కెట్లో అలాంటి కాయ ధర ముందురోజు ఎంతో అంతే ఉంటుంది.